పన్నెండో కొత్వాలు

గ్యారా కద్దూ బారా కొత్వాల్. పదకొండు కద్దూలు, పన్నెండుమంది కొత్వాళ్లు. నిజాం రాజ్యంలో జనం నోట నలిగిన సామెత ఇది. సురవరం ప్రతాపరెడ్డి దీన్నే పేరుగా పెట్టి ఒక కథ రాశారు. కథ సంగతి అట్లా ఉంచి, ఆ పేరు దగ్గర కాసేపు ఆగుదాం. రైతు గంపలో ఉన్నవి పదకొండు. దారి పొడుగునా చేయి చాచినవాళ్లు పన్నెండుమంది. తలా ఒకటి ఇచ్చుకుంటూ పోతే గంప ఖాళీ అవుతుంది, అయినా పన్నెండో ఆయన ఎదురుగా నిలబడే ఉంటాడు. ఉన్నదంతా పోగొట్టుకుని ఇంటికి పోవడం ఒక కష్టం. ఉన్నదంతా పోగొట్టుకుని, మీద ఒక కద్దూ బాకీపడి పోవడం ఇంకో కష్టం. మొదటిది దోపిడీ, దాని మీద కథలు కుప్పలుగా ఉన్నాయి. రెండోదాన్ని పట్టుకున్న కథలు తక్కువ.

కద్దూ అంటే గుమ్మడికాయా సొరకాయా అని పంచాయితీ పెట్టేవాళ్లున్నారు. హైదరాబాద్ దాల్చాలో పడేది సొరకాయే కాబట్టి నా ఓటు దానికే.

ఆ పన్నెండో కొత్వాలు వల్లనే ఈ సామెత నాకు డిస్టోపియా కథలా కనిపిస్తుంది. డిస్టోపియా అంటే రేపటి రాజ్యం పీడకలైతే ఎట్లా ఉంటుందో చెప్పే రచన. ఆర్వెల్ రాసిన '1984' ఇందులో అందరికీ తెలిసిన పేరు. అది 1949 జూన్‌లో లండన్‌లో అచ్చయింది. ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' వచ్చింది కూడా ఆ ఏడే. ఆర్వెల్ నవల మొదలవుతూనే గడియారాలు పదమూడు కొడతాయి. పోను పోను రెండూ రెండూ కలిపితే అయిదని కథానాయకుడి చేత ఒప్పిస్తారు. ఇవన్నీ అంకెలే. మన సామెతా అంకెలే. పీడకల రాజ్యంలో లెక్క తప్పడం వింత కాదు, పొరపాటు ఎవరైనా చేస్తారు. తప్పిన లెక్కకు ముద్ర వేసి, అదే ఒప్పని మన చేత వేలిముద్ర పెట్టించుకోవడం వింత. రైతు పన్నెండో కొత్వాలుతో "అయ్యా, ఉన్నవే పదకొండు" అని అనొచ్చు. "అయితే నా వంతు ఏది?" అని ఆయన అడుగుతాడు. ఆ ప్రశ్నలో ఆయనకు ఏ తప్పూ కనిపించదు. అక్కడ ఒళ్లు జలదరించాలి.

నేను కథలు రాస్తాను. అంతకన్నా ఎక్కువగా ఇతరుల కథలు చదువుతాను. వనపర్తిలో ఉంటున్న పుణ్యానికి ఇటు గద్వాల, అటు నాగర్‌కర్నూలు వైపు పిల్లలు రాసినవి నా బల్ల మీదికి చేరుతుంటాయి. ఈ మధ్య వాటిలో పీడకల రాజ్యాలు ఎక్కువయ్యాయి. ఫోన్లలో అటువంటి సిరీస్‌లు చూస్తున్నారు కాబట్టి ఆశ్చర్యమేమీ లేదు. వాటిని చదువుతూ నాకు కలిగిన ఆలోచన ఒకటుంది: రూపకం అంటే అర్థాన్ని దాచిపెట్టే పెట్టె అని మనవాళ్లు అనుకుంటున్నారు. పెట్టె, తాళం, చివర్లో తాళంచెవి. ఆ అలవాటు మనకు ఎక్కడినుంచి వచ్చిందో చూస్తే, మా ప్రాంతపు సాహిత్యంలోనే రెండు దారులు కనిపిస్తాయి.

ఒకటి దివాణం దారి. జటప్రోలు సంస్థానంలో సురభి మాధవరాయల ఆస్థానంలో ఎలకూచి బాలసరస్వతి ఉండేవాడు. 'రాఘవ యాదవ పాండవీయం' అని మూడర్థాల కావ్యం రాశాడు. అదే పద్యం రాముడి కథ, అదే కృష్ణుడి కథ, అదే పాండవుల కథ. రెండర్థాల కావ్యాలకే నోరెళ్లబెట్టే రోజుల్లో ఈయన మూడో అర్థాన్నీ బిగించాడు. ఆయనను తక్కువ చేయను, అంత పని చేయాలంటే భాష ఒళ్లో పడుకుని ఉండాలి. కానీ దివాణంలో రెండో అర్థం, మూడో అర్థం ఉన్నవి అందరికీ చూపించడానికి. పండితుడు విప్పి చెబుతాడు, సభ తల ఊపుతుంది, రాజు శాలువా కప్పుతాడు. అక్కడ అర్థం దాగదు, ఊరేగుతుంది.

రెండోది పత్రిక దారి. ప్రతాపరెడ్డి 1926 మే 10న గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. సర్కారు అనుమతి లేనిదే సభ పెట్టకూడదని గస్తీ నిశాన్ 53 కత్తిలా వేలాడుతున్న కాలం. 1930లో జోగిపేటలో జరిగిన మొదటి ఆంధ్ర మహాసభకు అధ్యక్షుడు కూడా ఆయనే, అంటే ఆ కత్తి పదునెంతో బాగా తెలిసినవాడు. సంపాదకీయాలు ముందుగా సర్కారుకు చూపించి వేసుకోవాలని ఒక దశలో తాఖీదు వచ్చిందని, అప్పుడు ఆయన సంపాదకీయం ఉండాల్సిన చోట ప్రపంచ మేధావుల సూక్తులు అచ్చువేశారని పత్రికల చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. నాకు ఇందులో నచ్చేది సూక్తులు కావు, అవి పడిన చోటు. అదే మాట ఏ నాలుగో పేజీ మూలనో పడితే మంచి మాట. సంపాదకీయం జాగాలో పడితే, ఇక్కడ వేరే ఏదో ఉండాల్సింది, ఉండనివ్వలేదు అని చదువరికి తెలిసిపోతుంది. కొత్తగా ఒక్క ముక్క రాయలేదు, ఒక్క పోలిక తేలేదు. తాఖీదు ఇచ్చినవాడు ఏ వాక్యం కింద గీత గీయాలి?

బహుమానం కోసం ఒక దారి, తప్పించుకోవడం కోసం ఇంకొకటి. రెంటిలోనూ అర్థం ఒకచోట ఉంటుంది, మాట ఒకచోట ఉంటుంది. మన కుర్రవాళ్లు ఈ రెండో దారిని సినిమాల మీదుగా అందిపుచ్చుకున్నారు, కానీ తాఖీదు భయం లేకుండానే దాస్తున్నారు. భయం లేనిచోట దాచుడు ఉత్త దాగుడుమూతలు.

కొత్వాళ్ల దగ్గరికే మళ్లీ వస్తాను. కొత్వాలు అన్నది ఆనాటి హైదరాబాద్‌లో ఉత్తుత్తి మాట కాదు, నగర పోలీసుకు పెద్ద. 1920 నుంచి 1934 దాకా ఆ కుర్చీలో ఉన్నది రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి, మా వనపర్తి సంస్థానంలోని రాయణిపేటలో పుట్టినవాడు. ఆయన పూనికతో 1918లో మొదలైన రెడ్డి హాస్టల్ బాధ్యతలు చూసినవారు ప్రతాపరెడ్డి. వెంకటరామారెడ్డి జీవిత చరిత్ర రాసిందీ ప్రతాపరెడ్డే. కథలో కొత్వాలు అంటే ఫలానా కొత్వాలు అని తాళంచెవి పెట్టి తిప్పితే, రచయిత తనకు పెద్దదిక్కుగా నిలిచినవాడినే కొట్టినట్టు అవుతుంది. అట్లా కాదని ఆ ఇద్దరి సంగతి తెలిసిన ఎవరైనా చెబుతారు. పన్నెండో కొత్వాలు ఎవరూ కాదు. కుర్చీలో మంచివాడు కూర్చున్నా గంపకూ చేతులకూ లెక్క కుదరదు, సామెత చెప్పేది అది. అందుకే నిజాం పోయాక కూడా అది పనిచేస్తోంది. తహసీలు ఆఫీసులో పాసుబుక్కు కోసం తిరిగినవాళ్లకు నేను విడమరిచి చెప్పాలా?

మరి బొమ్మ ఏదైనా ఒకటేనా అంటే, కాదు. 'పశువుల దివాణం' పేరుతో తెలుగులోకి వచ్చిన ఆర్వెల్ 'యానిమల్ ఫామ్' సంగతే చూడండి. 1944లో రాతప్రతి పట్టుకుని ప్రచురణకర్తల చుట్టూ తిరిగాడు. రష్యా అప్పుడు బ్రిటన్‌కు మిత్రదేశం. ఒక పెద్ద ప్రచురణకర్త జవాబు రాస్తూ, పెత్తనం చేసే జంతువులు పందులు కాకుండా వేరేవి అయితే ఇంత నొప్పి కలిగించవేమో అన్నాడు. ఆర్వెల్ మార్చలేదు. గుర్రాలను పెడితే ఆ కథ నడవదు. గుర్రం బండి లాగుతుంది, కోడి గుడ్డు పెడుతుంది, ఆవు పాలిస్తుంది. పంది బతికుండగా మనిషికి చేసే పని ఏమీ లేదు, తినడం తప్ప. పనిచేసేవాళ్ల రాజ్యంలో పని లేనిది పెత్తనానికి వచ్చింది. ఇది పొలం లెక్క, రాజకీయం తెలియనివాడికి కూడా అందుతుంది. స్టాలిన్ పేరు వినని పిల్లవాడు ఆ కథ చదివి గుర్రం చచ్చిపోయినచోట ఏడుస్తాడు. రూపకానికి పరీక్ష అదేనని నా నమ్మకం: తాళంచెవి పారేశాక ఏం మిగిలింది?

కొల్లాపూర్ వైపు కుర్రవాడు ఒకతను నాకు కథ తెచ్చి ఇచ్చాడు. 2084వ సంవత్సరం. ఆకాశంలో ఉక్కు గద్ద తిరుగుతుంటుంది, కింద ఈగలు. గద్ద కన్ను ఎర్రగా వెలుగుతుంది, ఈగలు రెక్కలు ముడుచుకుంటాయి. భాష బాగుంది. చివర ఒక పేజీ విడిగా జతచేశాడు.

"గద్ద అంటే గవర్నమెంటు సార్. ఈగలంటే జనం. ఎర్ర కన్ను అంటే సీసీ కెమెరా. అంతా ఆఖరి పేజీల రాసిన, చూడుండ్రి."

"ఆ పేజీ చింపేస్తే?"

"ఎవ్వరికీ సమజ్ గాదు గద సార్."

"సమజ్ అయినంక భయమైతదా?"

నవ్వాడు. గద్దను చూసి అతనూ భయపడలేదు, నేనూ భయపడలేదు. ఉక్కు గద్దను ఇద్దరమూ చూడలేదు మరి. సీసీ కెమెరాను చూశాం. వాళ్ల ఊరి చౌరస్తాలో ఉన్న కెమెరా ఏం చూస్తుందని అడిగితే, ఏడాది నుంచి అది పనిచేయడం లేదని, అయినా దాని కింద ఎవరూ పేకాట ఆడరని చెప్పాడు. నేను కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. చచ్చిపోయిన కెమెరాకు జడిసి ఊరంతా లేచి పక్క గల్లీకి పోయిందంటే, ఉక్కు గద్దలు పది వచ్చినా దాని ముందు దిగదుడుపే.

మార్గరెట్ ఆట్‌వుడ్ ఇట్లాంటి పీడకల రాజ్యం మీదే, 1985లో వచ్చిన 'ది హ్యాండ్‌మెయిడ్స్ టేల్' నవల రాసినప్పుడు తనకు తాను ఒక కట్టు పెట్టుకుంది. మనుషులు ఎక్కడో ఒకచోట, ఎప్పుడో ఒకప్పుడు నిజంగా చేయనిది ఏదీ నవలలో పెట్టనని. ఆ కట్టు మాకు పెడితే పాలమూరు రచయితకు సరుకు కొరత ఉండదు. 1981లో శ్రీశైలం జలాశయం కోసం కృష్ణ ఒడ్డు ఊళ్లను ఖాళీ చేయించారు. ఇటు అప్పటి మా పాలమూరు జిల్లా, అటు కర్నూలు, రెండు వైపులా కలిపి వందకు పైగా ఊళ్లు. ఆ పనికి సర్కారు పెట్టుకున్న పేరు ఆపరేషన్ డిమాలిషన్. ఏ నవలా రచయిత అయినా ఈ పేరు పెడితే, మరీ బట్టబయలుగా ఉంది, కొంచెం మరుగు చేయవయ్యా అని నేనే గీత కొట్టేవాడిని.

ఆ నీళ్లలోనే ఇంకో సంగతి జరిగింది. కృష్ణా తుంగభద్రలు కలిసే కూడవెల్లిలో సంగమేశ్వరుడి పాత గుడి ఉండేది. దాన్ని రాయి రాయిగా విప్పి అలంపురం తెచ్చి మళ్లీ నిలబెట్టారు. పాపనాశి గుళ్లనూ అట్లాగే తరలించారు. సోమశిలలో సోమేశ్వరుడు మిట్ట మీదికి వచ్చాడు. అలంపురం నవబ్రహ్మ ఆలయాలు మునగకుండా పెద్ద గోడ కట్టారు. మంచి పని చేశారు, చాళుక్యుల రాళ్లు ఉండాల్సిందే. నేను అలంపురం పోయినప్పుడల్లా కూడవెల్లి గుడి చుట్టూ ఒకసారి తిరుగుతాను, గోడ మీద రాళ్ల అతుకులు ఎంత నేర్పుగా కలిపారో చూస్తాను. ఏ రాయి ఎక్కడ ఉండేదో అక్కడే ఉంది. ఏ ఇంటి పక్కన ఏ ఇల్లు ఉండేదో అట్లా మళ్లీ కుదిర్చిన ఊరు మాత్రం నా ఎరుకలో ఒక్కటీ లేదు. దీన్ని కథ చేయాలంటే ఒక్క అబద్ధం కూడా ఆడక్కర్లేదు. మామూలు గొంతుతో, గుడిని విప్పిన మేస్త్రీ గొంతుతో, రాళ్ల గురించి మాత్రమే రాస్తే చాలు. మనుషుల ఊసు ఎత్తకూడదు. ఎత్తకపోతేనే వాళ్లు కనిపిస్తారు.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి, ఎన్నాళ్లుగానో గొంతులో ఉంది. పాలమూరు కూలీల గురించి ఎవరు రాసినా వలస పక్షులు అంటారు. పేపర్లలో శీర్షిక అదే, కవితల్లో అదే, డాక్యుమెంటరీల పేర్లూ అవే. కూలీలను గుంపుకట్టి తోలుకుపోయే గుంపు మేస్త్రీ పక్షికి ఉండడు. పక్షి దసరాకు అడ్వాన్సు తీసుకోదు, తీసుకున్న అడ్వాన్సు తీరేదాకా ఎగరకుండా ఉండదు. తన గూడు ఎండిపోతుంటే పరాయి రాష్ట్రంలో ఆనకట్టకు మట్టి మోయదు. పక్షి పోయేది రుతువును బట్టి, కాబట్టి వలస పక్షులు అనగానే కూలీ పోవడం కూడా రుతువులాంటిదే, ఎవరి తప్పూ లేదు అన్న అర్థం చదువరి ఒంట్లోకి ఎక్కిపోతుంది. అందమైన రూపకం చేసే హాని ఇట్లా ఉంటుంది. జమ్యాతిన్ అనే రష్యన్ రచయిత 1920 ప్రాంతంలోనే 'మేము' అని పీడకల రాజ్యపు నవల రాశాడు. అందులో మనుషులకు పేర్లుండవు, అక్షరమూ అంకే ఉంటాయి. ఆర్వెల్ దాన్ని చదివి సమీక్ష కూడా రాశాడు. ఆ అంకెలకు ఎంతో దగ్గరగా ఉండేది గుంపు మేస్త్రీ జేబులోని చిన్న నోటుబుక్కు: పేరు, తలకింత, వేలిముద్ర. దాని గురించి కథ రాయమని ఎవరినైనా అడిగితే, అది మామూలే గదా సార్ అంటారు.

నన్నడిగితే మా గడ్డ మీద పుట్టిన గొప్ప డిస్టోపియా రచన నవల కాదు, కథ కాదు, పాట. నాగర్‌కర్నూలు జిల్లా గౌరారం బిడ్డ గోరటి వెంకన్న కట్టిన 'పల్లె కన్నీరు పెడుతుందో'. 2002లో 'కుబుసం' సినిమాలో వచ్చి తెలుగునాడు అంతా మోగింది. అది పోయిన కాలం మీద బెంగ అని కొట్టిపారేసే విమర్శకులున్నారు. వాళ్లు రాగం విని లోపలి పని చూడలేదని నా అభిప్రాయం. ఆ పాటలో విలన్‌కు ముఖం లేదు. దొర లేడు, పోలీసు లేడు, ఉక్కు గద్ద అసలే లేదు. ఉన్నదల్లా ఒక జాబితా. ఒక్కో చేతిపని, ఒక్కో పనిముట్టు పేరు పిలవడం, అది ఏమైపోయిందో చెప్పడం. ఊరు కూలినట్టు ఎక్కడా కనిపించదు. ఇళ్లు ఇళ్లలాగే ఉంటాయి, లోపల పని ఆగిపోతుంది. పల్లె ఏడవడం అన్నది రూపకమే, ఒప్పుకుంటాను. కానీ ఆ పాటను మోసేది ఆ ఏడుపు కాదు, కొలిమి, మగ్గం లాంటి గట్టి వస్తువులు. వాటిని తీసేసి ఏడుపు ఒక్కటే ఉంచితే ఏ ఊరికైనా సరిపోయే కన్నీళ్లు మిగిలేవి. దానికే సంతకం పెట్టినట్టు ఆయన రాసిన చాలా పాటల్లో చెట్టో పిట్టో వాగో పేరుతో సహా ఉంటుంది. 2021కి ఆయనకు సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చిన పుస్తకం పేరు కూడా 'వల్లంకి తాళం', వల్లంకి ఒక పిట్ట.

కొల్లాపూర్ కుర్రవాడు మళ్లీ వచ్చాడు, ఈసారి తాళంచెవి పేజీ లేకుండా. 2084 లేదు, ఏ ఏడో చెప్పలేదు. కథలో ఒక ముంపు ఊరు ఉంది. ఎండాకాలం నీళ్లు తగ్గితే పునాదులు బయటపడతాయి. సంగమేశ్వరం గుడి, అంటే అలంపురం తరలినది కాదు, నీళ్లలోనే ఉండిపోయిన ఇంకోటి, బయటపడినట్టే అన్నమాట, సోమశిల రేవులో పెరిగిన పిల్లవాడికి ఇది చూసి తెలిసిన సంగతి. అతను అదనంగా పెట్టింది ఒక్క నియమం. నీళ్లు తగ్గిన రెండో రోజు ఆ ఊరివాళ్లంతా వచ్చి ఎవరి ఇంటి జాగాలో వాళ్లు నిలబడి హాజరు చెప్పాలి. బురదలో ఒక బల్ల, ఒక గొడుగు, ఒక రిజిస్టరు. పాత ఇంటి నంబరు పిలుస్తారు. రిజిస్టరులో గడులున్నాయి: తలుపులు ఎన్ని, పశువులు ఎన్ని, కప్పు ఉందా లేదా. కప్పు లేదంటే జుర్మానా. కాబట్టి అందరూ ఉందంటారు. ఒక అవ్వ వస్తుంది. మోకాలు ఎత్తు కూడా లేని రాళ్ల వరస ముందు ఆగి, చెప్పులు విడిచి, లోపలికి పోతుంది. పోయి, గోడ ఉండేచోట గోడకు ఆనుకున్నట్టు కొంచెం వెనక్కి వాలి నిలబడుతుంది.

"చెప్పులు ఎందుకు ఇడిసింది?" అన్నాను, అతని నోట ఏం వస్తుందోనని.

"ఇంట్లకు చెప్పులేసుకొని ఎవరన్న పోతరా సార్?"

ఇంకేం కావాలి? ఆ జుర్మానా గడి రాసిన చేతికి పన్నెండో కొత్వాలు తెలుసు. నేను ఒక్క మాట కూడా మార్చమనలేదు, చివరి పేరా దాకా. చివర్లో హాజరు పిలిచే ఆఫీసరు తన ఇంటి నంబరు తానే పిలిచి, తానే హాజరు చెప్పి, కప్పు ఉందని రాసుకుంటాడు. వాడూ ఆ ఊరివాడే అన్నమాట. ఇది సినిమా మలుపు, తీసేయమన్నాను. కుర్రవాడు ఒప్పుకోలేదు.

"98 జీవో మర్చిపోయిండ్రా సార్?"

మర్చిపోలేదు. శ్రీశైలం ముంపు కుటుంబానికి ఒక సర్కారు ఉద్యోగం ఇవ్వాలని 1986లో వచ్చిన జీవో అది. కొందరికి వచ్చాయి, రానివాళ్లు దశాబ్దాలుగా ధర్నాలు చేస్తూ, వయసు దాటిపోయి, ఇప్పుడు పిల్లలకైనా ఇవ్వమని అడుగుతున్నారు. ఊరు మునిగినందుకు వచ్చిన ఉద్యోగంలో ఆ ఊరి హాజరు తీసుకునేవాడు ఉండొచ్చు గదా అని అతని వాదన. అయితే ఉద్యోగం రానివాళ్ల వరస కూడా ఆ బురదలో ఎక్కడో నిలబడి ఉండాలని నేనన్నాను, వాళ్లు లేకుండా ఒక్క ఆఫీసరే ఉంటే లెక్క తప్పుతుంది. ఉంచితే కథ పెరుగుతుంది సార్, పంపాల్సిన పోటీకి పదిహేను వందల మాటలే హద్దు అన్నాడు. హద్దు లేని పత్రిక వెతుకుదామని చెప్పి, రాతప్రతి నా దగ్గరే ఉంచుకున్నాను. ఆఫీసరు విషయంలో ఇద్దరి మధ్యా మాట ఇంకా తెగలేదు.